సెలవు లేని పండగ

2024 జూన్ 7, శుక్రవారం. మా ఆఫీసులో ఆ రోజు డోనట్ డే. అందరికీ వెళ్లిన మెయిల్ రాసింది నేనే. మా ఫ్లోర్‌కి ఐదుగురితో ఒక ఫన్ కమిటీ ఉంది, అందులో "నీకు రాయడం వచ్చు కదా" అని ఇలాంటివన్నీ నా నెత్తిన పెడతారు. మెయిల్‌లో రెండు జోకులు, మూడు ఎమోజీలు, "మనమంతా ఒకే కుటుంబం" అన్న అర్థం వచ్చే ఒక వాక్యం. పైన గులాబీ రంగు డోనట్ బొమ్మ. కింద "అందరూ తప్పకుండా రండి".

మధ్యాహ్నం మూడున్నరకి కెఫెటేరియాలో డబ్బాలు తెరిచాం. దారానికి వేలాడదీసిన డోనట్‌ని చేతులు వెనక్కి పెట్టుకుని తినాలి. ఆ ఆటలో మా మేనేజర్ ముక్కు నిండా చాక్లెట్ అంటుకుంది. నిజంగా నవ్వొచ్చింది. చేరి మూడు నెలలైనా ఎవరితోనూ మాట్లాడని విజయనగరం కుర్రాడు ఆ రోజు పోటీలో గెలిచి అందరి నోళ్లలో పడ్డాడు. నాలుగింటికి క్లయింట్ కాల్. సగం మంది టిష్యూలో డోనట్ పట్టుకుని సీట్లకి పరిగెత్తారు, మ్యూట్‌లో పెట్టి నమిలారు. నాలుగుంబావుకి కెఫెటేరియా ఖాళీ.

ఖాళీ అన్నాను కానీ, హౌస్‌కీపింగ్ అక్క ఒకామె ఉంది. కార్పెట్‌కి అంటిన చాక్లెట్‌ని బ్రష్‌తో రుద్దుతోంది. ఆమె షిఫ్ట్ నాలుగింటికే అయిపోవాలి. ఐదున్నరకి నేను కాఫీకి వెళ్తే ఇంకా అక్కడే ఉంది.

"అక్కా, డోనట్ తిన్నవా?" అన్నాను.

"మా లెక్క ఇందుల లేదంట మేడం" అంది, తల ఎత్తకుండానే.

ఆ లెక్క నాకు తెలుసు. నేనే కట్టాను. హెచ్ఆర్ ఇచ్చిన పేర్ల జాబితాని బట్టి ఆర్డర్ పెట్టాం. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, పాంట్రీ, క్యాబ్ డ్రైవర్లు వేరే ఏజెన్సీల జీతాల పట్టీల్లో ఉంటారు. వాళ్లని మినహాయించాలని ఎవరూ అనుకోలేదు. అసలు వాళ్ల గురించి ఎవరూ అనుకోలేదు. మిగిలిన వాటిలోంచి రెండు తీసి ఇస్తే, కవర్లో చుట్టి పిల్లల కోసం బ్యాగులో పెట్టుకుంది.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది. మాది మద్నూర్. "రేపు మిరుగం గదా బిడ్డా, చేపలు తెచ్చుకుంటున్నరా?" అని అడిగింది. ఇవాళే ఆఫీసులో పండగ చేశామని చెప్పాను. డోనట్ అంటే ఏంటో చెప్పడానికి కొంచెం కష్టపడ్డాను. "గారె లెక్క నడుమ చిల్లుంటది, తియ్యగుంటది."

"మంచిగనే ఉన్నది. మరి సెలవిచ్చిన్రా?"

"లేదమ్మా, పని ఉండె."

"ఓహో" అని వానల మాటల్లోకి వెళ్లిపోయింది. మృగం పట్టినా చినుకు లేదని, పత్తి గింజలు తెచ్చి పెట్టుకున్నామని.

ఆమె మామూలుగా అడిగిన ఆ ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది. ఈ వ్యాసం దాని చుట్టూనే.

*

ఒక కథ గురించి రాసేటప్పుడు మనం కథావస్తువు ఒక్కటే చూడం. ఎవరు చెప్తున్నారు, ఎవరి గొంతు వినపడట్లేదు, కథ ఎక్కడ ఆగిపోయింది అని కూడా చూస్తాం. విందుని కూడా అలా చదవొచ్చు. కానీ తిండి మీద మన రాతలు ఎక్కువగా వంటకం దగ్గరే ఆగుతాయి. రుచి, జ్ఞాపకం, అమ్మ చేతి వంట. పని చేసే చోట పెట్టే విందుకి వేరే ప్రశ్నలు కావాలి. ఎవరు వండారు? ఎవరు ముందు తిన్నారు? ఎవరు తుడిచారు? అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ రోజు పని ఆగిందా?

ఈ ప్రశ్నలతో ముందు డోనట్ డేనే చూద్దాం. దీన్ని కేవలం వ్యాపార ట్రిక్కు అని కొట్టిపారేయలేం. దీని పుట్టుక యుద్ధంలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో, సాల్వేషన్ ఆర్మీ తరఫున ఫ్రాన్స్ వెళ్లిన అమెరికన్ స్త్రీలు సైనికుల కోసం డోనట్లు వేయించారు. హెలెన్ పర్వియన్స్, మార్గరెట్ షెల్డన్ అనే ఇద్దరు దీన్ని మొదలుపెట్టారని చెప్తారు. బురద, వాన, సరుకుల కొరత. పిండి వత్తడానికి అప్పడాల కర్ర లేక వైన్ సీసా వాడారట. ఆ తర్వాత 1938లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, ఆ స్త్రీలని గుర్తుచేసుకోవడానికి, పేదల కోసం విరాళాలు పోగు చేయడానికి షికాగోలో సాల్వేషన్ ఆర్మీ ఈ రోజుని పెట్టింది. జూన్‌లో మొదటి శుక్రవారం.

అంటే ఇది వండిన వాళ్ల పండగ. తిన్నవాళ్లది కాదు. మా మెయిల్‌లో ఈ సంగతి లేదు. నేను గూగుల్‌లో వెతికినప్పుడు కనపడింది, "సీరియస్‌గా ఉంటుంది, వద్దులే" అని నేనే తీసేశాను. కార్పెట్ రుద్దుతున్న అక్కని చూశాక తెలిసింది, ఆ రోజు ఎవరిని గుర్తుచేసుకోవాలో ఆ మనుషుల్నే జాబితాలోంచి తీసేసి పండగ చేశామని.

ఇక్కడితో ఆపితే సాల్వేషన్ ఆర్మీ కథ మరీ తియ్యగా ముగుస్తుంది. తెలుగువాళ్లకి ఆ సంస్థ ఇంకో రకంగా కూడా తెలుసు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం. 1911 నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాల్ని ఒకచోట పెట్టి, ఆ సెటిల్మెంట్ నిర్వహణని బ్రిటిష్ ప్రభుత్వం అప్పగించింది ఈ సంస్థకే. అనుమతి లేకుండా బయటికి వెళ్లకూడదు, హాజరు పలకాలి, చెప్పిన పని చేయాలి. ఫ్రాన్స్‌లో సైనికుడికి డోనట్ అందిన రోజుల్లోనే ఇక్కడ ఎరుకల మనిషి హాజరు పలుకుతున్నాడు. ఒకే సంస్థ ఒకచోట దయగా, ఇంకోచోట కాపలాగా ఉండగలదు. దయ ఎవరికి, కాపలా ఎవరికి అన్నది ఆ మనుషులు ఎవరి లెక్కలో ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకే విందు పెట్టిన చేయి మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న మనల్ని ఎక్కువ దూరం తీసుకెళ్లదు. హాజరు పట్టీ ఎవరి దగ్గర ఉంది అన్నది ఇంకాస్త పనికొచ్చే ప్రశ్న.

*

డోనట్ డే ఒక్కటే కాదు. మార్చి 30న ఇడ్లీ దినోత్సవం. చెన్నైలో ఇడ్లీల వ్యాపారం చేసే ఇనియవన్ 2015లో మొదలుపెట్టాడు. జులైలో మొదటి ఆదివారం బిర్యానీ దినోత్సవం. 2022లో ఒక బాస్మతి బియ్యం బ్రాండు తెచ్చింది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, ఆ ఏడాది హైదరాబాద్ ఆఫీసుల్లో జొన్నరొట్టె లైవ్ కౌంటర్లు వెలిశాయి. మా దగ్గర కూడా పెట్టారు.

సరదా రోజులు కల్పించుకోవడం తప్పేం కాదు. పాత పండగలు కూడా ఎప్పుడో ఎవరో మొదలుపెట్టినవే. ఇడ్లీ అమ్మేవాడు ఇడ్లీకి ఒక రోజు కేటాయిస్తే దాన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. నేను చూస్తున్నది ఆఫీసు ఈ రోజుల్ని ఎందుకు అంత ఇష్టంగా పట్టుకుంది అని. దీపావళికి సెలవివ్వాలి. రంజాన్‌కి సెలవివ్వాలి. డోనట్ డేకి ఇవ్వక్కర్లేదు. మతం లేదు, కులం లేదు, ప్రాంతం లేదు, ఎవరి మనోభావాలూ దెబ్బతినవు. ఇంగ్లిష్‌లో పండగకీ సెలవుకీ ఒకటే మాట, హాలిడే. ఈ ఫుడ్ హాలిడేలో ఫుడ్ ఉంది, హాలిడే లేదు.

ఆ తేడా స్పష్టంగా కనపడేది దసరాకి. ఆయుధపూజంటే పనిముట్టుకి విశ్రాంతి. మా ఊళ్లో వడ్ల మామ బాడిసె, ఉలి కడిగి బొట్టు పెడితే ఇంక ఆ రోజు వాటిని ముట్టేవాడు కాదు. ఆఫీసులో కూడా ఆయుధపూజ చేస్తాం. సర్వర్ రూమ్ తలుపుకి బంతిపూల దండ వేస్తాం, లాప్‌టాప్‌లకి కుంకుమ బొట్లు పెడతాం, లడ్డూ తింటాం. సర్వర్ ఆగదు. బొట్టు పెట్టిన లాప్‌టాప్ మూత పది నిమిషాల్లో మళ్లీ తెరుస్తాం. పూజ ఉంది, కొబ్బరికాయ ఉంది, ప్రసాదం ఉంది. పూజకి అర్థమైన ఆ ఒక్క విశ్రాంతి మాత్రం జారిపోయింది.

*

మద్నూర్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా కొలత అక్కడిది. ఇప్పుడు కామారెడ్డి జిల్లా, 2016కి ముందు నిజామాబాద్. నిజామాబాద్ అనగానే అందరికీ వరి, పసుపు గుర్తొస్తాయి. మాది నల్లరేగడి. పత్తి, సోయా, కంది, మినుము, జొన్న. సలాబత్‌పూర్ చెక్‌పోస్టు దాటితే మహారాష్ట్ర, ఇంకాస్త పోతే దెగ్లూర్. ఇంకోవైపు కర్ణాటక కూడా దూరం కాదు. సంతలో ఒకే బేరం తెలుగులో మొదలై మరాఠీలో తెగుతుంది.

మా దగ్గర శ్రావణమాసం చివర వచ్చే అమావాస్యని ఎడ్ల పొలాల అమాస అంటారు. మరాఠీ వాళ్లకి పోళా. కోస్తాలో అదే రోజున ఆడవాళ్లు కంద మొక్కకి పూజ చేసి పిల్లల క్షేమం కోరుకుంటారు, పోలాల అమావాస్య అంటారు. మాకు మాత్రం ఎడ్ల పండగ.

ఎద్దుల్ని వాగుకి తోలుకెళ్లి కడుగుతారు. కొమ్ములకి రంగులు, మెడలో మువ్వలు, వీపు మీద రంగురంగుల జూలు, మూతికి కొత్త ముకుతాడు. సాయంత్రం డప్పులతో ఊరేగించి హనుమాన్ల గుడి చుట్టూ తిప్పుతారు. ఇంటికి వచ్చాక వాకిట్లో కాళ్లు కడిగి, బొట్టు పెట్టి, పోలెలు తినిపిస్తారు. శనగపప్పు, బెల్లం పూర్ణం పెట్టి చేసిన పోలెలు. ఎద్దు తిన్నాకే మనుషులు తినాలి.

చెక్‌పోస్టుకి అటువైపు ఇంకో ఆచారం ఉంది. పోళాకి ముందురోజు సాయంత్రం ఎద్దు మూపుకి వెన్నో నెయ్యో పసుపుతో కలిపి రుద్దుతారు. కాడి ఒరుసుకుపోయే చోటు అది. రుద్దుతూ ఎద్దుకి పిలుపు చెప్తారు. ఇవాళ పిలుస్తున్నాం, రేపు భోజనానికి రా అని.

ఈ పిలుపుని నా మెయిల్ పక్కన పెట్టి చూసుకున్నాను. రెండూ ఆహ్వానాలే. రెండూ పని చేయించుకునే వాళ్లు పని చేసే వాళ్లకి పంపినవే. తేడా ఏంటంటే, ఆ పిలుపు చెప్పే మనిషి చేయి కాడి మోసిన చోట ఉంది. నొప్పి ఎక్కడో వాళ్లకి తెలుసు, పండగ అక్కడ మొదలవుతుంది. మా మెయిల్‌కి ఎవరి మూపూ తెలియదు. ఆ నెలలో మా టీమ్ మూడు శనివారాలు పనిచేసింది. ఆ మాట డోనట్ డే మెయిల్‌లో రాయాలని కానీ, రాయొచ్చని కానీ నాకు తట్టలేదు.

ఇంకా పెద్ద తేడా, అమాస రోజు ఎద్దు మెడ మీద కాడి పడదు. ఎంత అదును దాటిపోతున్నా సరే. కలుపు ఉన్నా, గుంటక తోలాల్సి ఉన్నా, ఆ రోజు లేదు. మా నాన్న వాన చూసి ఎంత ఆత్రపడ్డా కాడిని ఎత్తుగా దూలానికి వేలాడదీసేవాడు. ఎద్దు పోలె తిన్నా తినకపోయినా పండగ అయినట్టే, ఎందుకంటే అసలు పెట్టుబడి ఆ కాడి దిగడమే. పోలె దానికి గుర్తు మాత్రమే.

*

ఇక్కడ ఆపేస్తే ఊరు మంచిది, ఆఫీసు చెడ్డది అన్న పాత పాట అవుతుంది. ఊరి గురించి ఇలాంటి రాతలు మనం చాలా చదివాం. నా కొలత నిజమైనదైతే దాంతో మా ఇంటిని కూడా కొలవాలి.

అమాస రోజు ఎద్దులకి సెలవు. మా అమ్మకి లేదు. తెల్లారగట్ల నాలుగింటికి పప్పు ఉడకేసి మొదలుపెడితే మధ్యాహ్నం దాకా పొయ్యి దగ్గరే. ఎద్దులు, మగవాళ్లు, పిల్లలు, వచ్చిపోయే చుట్టాలు తిన్నాక, పూర్ణం అయిపోయి అంచులు మాడిన పోలె ఆమెకి. ఊరేగింపు చూడ్డానికి వాకిట్లోకి వచ్చేసరికి అది వెళ్లిపోయేది. సంవత్సరం మొత్తంలో ఆమె ఎక్కువ పని చేసే రోజుల్లో అదొకటి.

ఇంకొకటి. మా పెద్దనాయన ఇంట్లో మూడు జతల ఎద్దులు, ఒక జీతగాడు ఉండేవాళ్లు. ఉగాదికి మాట్లాడుకుంటే మళ్లీ ఉగాది దాకా. అమాస రోజు ఆయనకి కొత్త తువాల, కడుపునిండా పోలెలు. నా చిన్నప్పుడు అది చూసి మా పెద్దనాయన ఎంత మంచివాడో అనుకున్నాను. కానీ ఎద్దు వాకిట్లో, ఇంటి గడప ముందు తినేది. ఆయన కొట్టం వెనక, తన పళ్లెంలో తినేవాడు. ఎద్దుల్ని కడిగింది ఆయనే, రంగులు వేసింది ఆయనే, ఊరేగింపులో పగ్గం పట్టుకుంది ఆయనే. ఆ రోజు ఆయన పని ఆగలేదు, మారింది అంతే. ఎద్దు కాళ్లు కడిగి మొక్కిన మా ఇంట్లో ఆయన ఇత్తడి చెంబుని ముట్టుకోకూడదు. ఎద్దు మాలెక్కలో ఉంది. మనిషి లేడు.

ఇది నాకు గుర్తున్నదే, కానీ చాలా ఏళ్లు పండగ జ్ఞాపకంలో ఒక అంచున పడి ఉంది. దాన్ని మధ్యలోకి లాగింది ఒక పుస్తకం. షాహూ పాటోళే మరాఠీలో రాసిన 'అన్న హే అపూర్ణబ్రహ్మ', 2015లో వచ్చింది. 2024లో భూషణ్ కోర్‌గావ్‌కర్ ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. మరాఠ్వాడా మహార్, మాంగ్ కులాల తిండి గురించి. మరాఠ్వాడా అంటే మాకు ఎక్కడో కాదు, చెక్‌పోస్టు అవతల మొదలయ్యేదే. పుస్తకం పేరులోనే దెబ్బ ఉంది. అన్నం పూర్ణబ్రహ్మ అని మరాఠీ ఇళ్లలో పెద్దలు చెప్పే మాటకి ఒక్క అక్షరం చేర్చి, అది అందరికీ పూర్ణం కాదని చెప్పాడాయన.

అందులో వంటలు ఎలా చేయాలో ఉంటుంది. కానీ అది వంటల పుస్తకం కాదు. నెయ్యి, పాలు, ఖరీదైన మసాలాలు లేని వంటలు ఎందుకలా ఉన్నాయి, పెద్ద కులాల ఇళ్ల నుంచి తెచ్చుకున్న మిగులు తిండి ఒక కులం నాలుకని ఎలా తయారుచేసింది అన్నది అసలు సంగతి. జాలి కోరడు, కోపంతో అరవడు. ముక్కలు ఎలా ఎండబెట్టాలో, కారం ఎంత వేయాలో చెప్తూ చెప్తూ ఊరి లెక్క మొత్తం మన ముందు పెడతాడు. ఆ పుస్తకం చదివాక మా పెద్దనాయన కొట్టం వెనక పళ్లెం నాకు వేరేగా కనపడింది. దాన్ని దయ అని నేను పిలుచుకున్నంత కాలం, ఆ పళ్లెం ఎందుకు అక్కడే ఉందన్న ప్రశ్న నాకు రాలేదు. కెఫెటేరియాలో నేను తీసి ఇచ్చిన రెండు డోనట్లు కూడా మిగిలినవే. కవర్లో చుట్టి ఇచ్చినప్పుడు నాకు మంచిపని చేశానన్న తృప్తి కలిగింది. అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా పొలాల అమాసలో ఒక నిజం, ఒక అబద్ధం పక్కపక్కనే ఉన్నాయి. పని ఆగకపోతే పండగ కాదన్నది నిజం. ఆ ఆగడం అందరికీ అన్నది అబద్ధం. ఆఫీసు మన దగ్గర నుంచి ఆ నిజాన్ని వదిలేసి, అబద్ధాన్ని మాత్రం తెచ్చుకుంది.

*

డోనట్ డే అయిన మూడోరోజు సోమవారం, జూన్ 10. ఆ తేదీకి మా ఆఫీసులో మెయిల్ రాలేదు, ఎప్పుడూ రాదు. 1890లో అదే తేదీన బొంబాయి మిల్లు యజమానులు కార్మికులకి ఆదివారం సెలవు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. దాని వెనక ఉన్న మనిషి నారాయణ్ మేఘాజీ లోఖండే. జోతిరావు ఫులే సత్యశోధక ఉద్యమంలోంచి వచ్చినవాడు, 'దీనబంధు' పత్రిక నడిపినవాడు, 1884లో బొంబాయి మిల్లు కార్మికుల సంఘం పెట్టినవాడు. ఆ ఒక్క రోజు కోసం ఏళ్ల తరబడి అర్జీలు పెట్టారు, సభలు జరిపారు. ఆ నగరాన్ని కట్టిన చేతుల్లో మనవాళ్లవీ ఉన్నాయి. నిజాం రాజ్యం నుంచి వెళ్లిన తెలుగు కూలీల పేరు మీదే కామాటిపురా.

ఆ ఆదివారం ఎవరూ డబ్బాలో పెట్టి ఇచ్చింది కాదు. అందుకేనేమో దానికి పోస్టర్ లేదు, ఆట లేదు, ఎమోజీ లేదు. అది పోతే మాత్రం తెలుస్తుంది. మా టీమ్ ఆ మూడు శనివారాలు వచ్చినట్టే ఒక ఆదివారం కూడా రమ్మంటే ఎవరూ కాదనే పరిస్థితి లేదని మా అందరికీ తెలుసు.

దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఈ వ్యాసం మొదటి ప్రతి చదివిన మా టీమ్ ఫ్రెండ్ అడిగింది: "అరగంట నవ్వుకున్నాం. అది కూడా నీకు కష్టమేనా? అన్నిటినీ ఇలా పీకి చూస్తే మనిషి బతికేదెలా?" ఆమె చెప్పింది కొట్టేయలేను. విజయనగరం కుర్రాడి నవ్వు అబద్ధం కాదు. ఇప్పుడు మేమిద్దరం రోజూ కలిసి టీ తాగుతాం, దానికి కారణం ఆ దారానికి వేలాడిన డోనట్టే. కలిసి తినడంలో ఉన్న ఆ బలాన్ని నేను కాదనట్లేదు. అది అంత నిజమైనది కాబట్టే, దాన్ని సెలవుకి బదులుగా, ఓటీకి బదులుగా, మాటకి బదులుగా వాడుకోవడం సులువవుతుంది. నవ్వు మాది. దాని ఫొటో నియామకాల పేజీలో పడింది.

కమిటీలోంచి తప్పుకోవాలనుకున్నాను. తప్పుకుంటే ఇంకొకరు అదే మెయిల్ రాస్తారు, అంతే కదా అనిపించి ఉండిపోయాను. 2025 జూన్ 6న మళ్లీ డోనట్ డే వచ్చింది. ఈసారి రెండు సంగతులు అడిగాను. ఒకటి, ఈ ఫ్లోర్‌లో పనిచేసే ప్రతి మనిషికీ లెక్క కట్టాలి, జీతం ఎవరిచ్చినా సరే. రెండు, మూడున్నర నుంచి ఇంక ఆ రోజుకి మీటింగులు లేవు, హౌస్‌కీపింగ్ వాళ్లు షిఫ్ట్ టైముకి ఇంటికెళ్లాలి, చెత్త మనమే ఎత్తాలి.

మొదటిది ఐదు నిమిషాల్లో ఓకే అయింది. ఇంకా ఎక్కువే తెప్పిద్దాం అన్నారు. రెండోదానికి క్లయింట్ టైమ్‌జోన్ అడ్డొచ్చింది, ఏజెన్సీ కాంట్రాక్ట్ అడ్డొచ్చింది, "ఈసారికి ఇలా కానిద్దాం" అన్నారు. డోనట్లు ఎన్నైనా ఇవ్వగలరు. గంటన్నర ఇవ్వలేరు. దేని ధర ఎంతో ఆ రోజు నాకు అర్థమైంది.

మూడున్నరకి అక్క కూడా లైన్లో నిలబడి డోనట్ తీసుకుంది. ఈసారి మిగిలింది కాదు, ఆమె పేరు మీద వచ్చిందే. ఇంత సంతోషంగా నేను ఎదురెళ్లి "ఎట్లుంది అక్కా?" అన్నాను. కొంచెం కొరికి, బాగుందన్నట్టు తలూపి, చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"ఇది సరే గానీ మేడం, ఇయ్యాల నాలుగింటికి పోనిస్తరా? చిన్నదానికి జొరమున్నది."

నా దగ్గర జవాబు లేదు. సూపర్‌వైజర్‌ని అడుగుతానన్నాను. అడిగాను. ఐదింటికి వెళ్లింది.

అమ్మ ఆ రాత్రి కూడా ఫోన్ చేసింది. మిరుగం దగ్గరికొచ్చింది కదా, చేపల మాట అడిగింది. సెలవిచ్చారా అని మాత్రం ఈసారి అడగలేదు.